వాడు ఏ దారిన వచ్చాడు?

2015 నవంబర్ 13 రాత్రి పారిస్‌లో ఉగ్రవాదులు 130 మందిని పొట్టన పెట్టుకున్నారు. అందులో 90 మంది బతాక్లాన్ అనే ఒక్క హాల్లోనే చనిపోయారు. ఫుట్‌బాల్ స్టేడియం బయట తనను తాను పేల్చేసుకున్న ఒకడి శవం దగ్గర సిరియా పాస్‌పోర్టు దొరికింది. ఆ తర్వాతి వారం ప్రపంచమంతా సాగిన వాదన ఆ ఒక్క పాస్‌పోర్టు చుట్టూనే తిరిగింది. పాస్‌పోర్టు నకిలీది. కానీ ఆ శవం వేలిముద్రలు అక్టోబర్ 3న గ్రీసులోని లేరోస్ దీవిలో తీసుకున్న వేలిముద్రలతో సరిపోయాయి. అంటే పడవల్లో వచ్చిన శరణార్థుల్లో కలిసిపోయి హంతకుడు వచ్చిన మాట నిజం. ఆ రాత్రి దాడి చేసినవాళ్లలో ఎక్కువమంది ఫ్రాన్స్, బెల్జియం పౌరులన్న మాటా అంతే నిజం. మొదటిది చెప్పి రెండోది మింగేసేవాళ్లతోనూ, రెండోది చెప్పి మొదటిది మింగేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

దాడి జరిగిన ప్రతిసారీ ముందుగా ఆరా తీయాల్సింది ఒకటి: వాడు ఆ దేశంలోకి ఏ దారిన వచ్చాడు? అక్కడే పుట్టి పెరిగాడా, వీసా మీద వచ్చాడా, సరిహద్దు దాటి వచ్చి ఆశ్రయం అడిగాడా, లేక పొరుగుదేశంలో ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ప్రభుత్వమే ఎంపిక చేసి విమానం ఎక్కించిందా? వార్తల్లో ఈ చివరి ఇద్దరినీ శరణార్థి అనే ఒకే మాటతో పిలిచేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఆశ్రయం అడిగేవాడు ముందు వస్తాడు, తనిఖీ తర్వాత జరుగుతుంది. పునరావాసం కింద వచ్చేవాడికి తనిఖీలన్నీ ముగిశాకే ప్రయాణం. 2015లో జర్మనీకి దాదాపు 8 లక్షల 90 వేల మంది మొదటి దారిన, అంటే వచ్చి ఆశ్రయం అడిగే దారిన, వచ్చారు. అదే ఏడాది ఆర్థిక సంవత్సరంలో అమెరికా రెండో దారిన, అంటే పునరావాసం కింద, తీసుకున్న సిరియన్లు 1,682 మంది.

అయినా పారిస్ దాడి జరిగిన కొద్ది రోజులకే అమెరికాలో ముప్పై మంది దాకా గవర్నర్లు సిరియా శరణార్థులను తమ రాష్ట్రాల్లోకి రానివ్వమన్నారు. నవంబర్ 19న ప్రతినిధుల సభ 289-137 ఓట్లతో ఒక బిల్లు నెగ్గించింది. సిరియా, ఇరాక్‌ల నుంచి వచ్చే ప్రతి ఒక్క శరణార్థి వల్లా ముప్పు లేదని ఎఫ్‌బీఐ డైరెక్టరు, హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి, జాతీయ గూఢచార విభాగాల అధిపతి ముగ్గురూ ధ్రువీకరించాలని అందులోని షరతు. పైకి చూస్తే సబబుగానే ఉంది. కానీ ఫలానా మనిషి ముందుముందు ఏ తప్పూ చేయడని సంతకం పెట్టే అధికారి ఎక్కడా ఉండడు. నిషేధం అనే మాట రాయకుండా నిషేధించే పద్ధతి అది. ఆ బిల్లు 2016 జనవరిలో సెనేట్‌లో ముందుకు సాగక ఆగిపోయింది.

ఇంతకీ ఆ రెండో దారిలో 2015 నాటికి ఏం జరిగేది? ముందు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ పేరు నమోదు చేసుకుంటుంది. జోర్డాన్ లాంటి చోట్ల కనుపాప స్కాన్ కూడా తీస్తారు. ఆ సంస్థ ఎంపిక చేసి ఏదో ఒక దేశానికి సిఫారసు చేసేది ఏటా ప్రపంచంలోని శరణార్థుల్లో ఒక శాతంలోపే. శరణార్థి తనకు నచ్చిన దేశం కోరుకోవడానికి లేదు. అమెరికాకి పేరు వెళ్తే పునరావాస సహాయ కేంద్రం ఫైలు తయారు చేస్తుంది. పేరు, ఆ పేరును ఎన్ని స్పెల్లింగుల్లో రాయొచ్చో అన్నీ, పుట్టిన తేదీ, చదువు, సైన్యంలో చేశాడా, ఎక్కడెక్కడ ఉన్నాడు - ఇవన్నీ అందులోకి ఎక్కుతాయి. విదేశాంగ శాఖ, ఎఫ్‌బీఐ, రక్షణ శాఖ, ఉగ్రవాద నిరోధక కేంద్రం జాబితాలతో పోలుస్తారు. తర్వాత ఇమిగ్రేషన్ అధికారి అమ్మాన్‌కో ఇస్తాంబుల్‌కో వచ్చి ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తాడు. భార్య చెప్పింది భర్త మాటతో కలవకపోతే ఫైలు పక్కన పెడతారు. సిరియన్లకైతే వాషింగ్టన్‌లో ఇంకో పరిశీలన అదనం. ఆపైన టీబీ పరీక్షతో సహా వైద్య పరీక్షలు. మొత్తం సగటున 18 నుంచి 24 నెలలు పట్టేది.

ఇంత వడపోత ఉన్నా ఒకసారి తప్పు జరిగింది. ఆ తప్పును ఎవరూ దాచకూడదు, ఎందుకంటే అసలు పాఠం అందులోనే ఉంది. 2009లో శరణార్థులుగా వచ్చిన ఇద్దరు ఇరాకీలను 2011లో కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ అనే పట్టణంలో పట్టుకున్నారు. ఇరాక్‌లో ఉన్నప్పుడు వాళ్లు అమెరికా సైనికుల మీద బాంబులు పెట్టినవాళ్లు. ఒకడి వేలిముద్ర కార్డ్‌లెస్ ఫోను అడుగుభాగం మీద ఉంది. 2005లో ఇరాక్‌లో పేలకుండా దొరికిన బాంబు భాగం అది. వాళ్లను తనిఖీ చేసే నాటికే ఆ ముక్క ఎఫ్‌బీఐ గోదాములో భద్రంగా ఉంది. మనిషి వేలిముద్రలూ తీసుకున్నారు. లేనిదల్లా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన చేయి. లేరోస్‌లోనూ అదే కథ: వేలిముద్ర తీశారు, కానీ పోల్చడానికి ఎదురుగా ఏమీ లేదు. వేలిముద్ర తీసుకున్నామని చెప్పగానే నిశ్చింతగా ఉండిపోకూడదు. దేనితో పోల్చారో అడగాలి.

కెంటకీ అరెస్టుల తర్వాత పాత ఫైళ్లన్నీ తిరగదోడారు. సైన్యం సేకరించిన వేలిముద్రలను తనిఖీలో కలిపారు. ఆ మార్పు మంచిదే. దాని ఖరీదు మాత్రం ఇరాక్‌లో అమెరికా సైన్యానికి దుబాసీలుగా పనిచేసి, అందుకే ప్రాణభయంతో పారిపోయినవాళ్ల మీద కూడా పడింది. 2010లో 18 వేల మంది ఇరాకీలను తీసుకున్న దేశం 2011లో సుమారు 9 వేల మందిని తీసుకుంది.

నన్ను ఎక్కువగా బాధించే సంగతి ఇంకొకటి. అమెరికా చట్టంలో ఉగ్రవాద సంస్థకు ‘సాయం చేసినవారికి’ ప్రవేశం లేదన్న నిబంధన ఉంది. సాయం అంటే తుపాకి ఇవ్వడమే కానక్కర్లేదు. కిడ్నాపైన కొడుకును విడిపించుకోవడానికి కట్టిన డబ్బు, చెక్‌పోస్టు దాటడానికి సాయుధుల చేతిలో పెట్టిన నోట్లు, బెదిరిస్తే పెట్టిన అన్నం - అన్నీ ఆ లెక్కలోకే వచ్చాయి. ఎవరి చేతిలో దెబ్బతిని పారిపోయారో వాళ్లకే సాయం చేశారన్న ముద్ర! బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మినహాయింపులు వచ్చాయి. కానీ మినహాయింపు దానంతటది రాదు. ఒక్కొక్క ఫైలూ విడిగా చూడాలి. అది చూసేదాకా కుటుంబమంతా ఆగాలి.

‘కొన్నాళ్లు ఆపుదాం, చూసి మళ్లీ తీసుకుందాం’ అనే మాట చాలామందికి మధ్యేమార్గంలా వినిపిస్తుంది. ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఆ మాట వింటే గుండె జారిపోతుంది. ప్రతి తనిఖీకీ గడువు ఉంటుంది. అప్పట్లో వైద్య పరీక్ష సాధారణంగా ఆరు నెలలు చెల్లేది, వేలిముద్రల తనిఖీ పదిహేను నెలలు. అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉన్న ఆ కొద్ది వారాల్లోనే విమానం ఎక్కాలి. ఆ వారాలు జారిపోతే ముందు వైద్య పరీక్ష మళ్లీ చేయించాలి. అది అయ్యేసరికి వేలిముద్రల గడువు తీరుతుంది. మధ్యలో బిడ్డ పుడితే ఆ బిడ్డ పేరు ఫైలులో చేర్చాలి, మళ్లీ పరిశీలన. 2017 జనవరి 27న వచ్చిన అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు కాగితం మీద శరణార్థుల రాకకు 120 రోజుల విరామం. వరస మధ్యలో ఉన్న కుటుంబానికి అది ఏడాది కావచ్చు, రెండేళ్లు కావచ్చు.

మొదటి దారి, అంటే ముందు వచ్చి తర్వాత ఆశ్రయం అడిగే దారి, సంగతి వేరు, అక్కడి భయాలకు ఆధారం ఉంది. 2016 డిసెంబర్ 19న బెర్లిన్ క్రిస్మస్ మార్కెట్ మీదికి లారీ నడిపిన దాడిలో 13 మంది ప్రాణాలు తీసినవాడు ట్యునీషియా మనిషి. ఇటలీలో నాలుగేళ్లు జైల్లో ఉండి 2015లో జర్మనీ చేరాడు. పద్నాలుగు పేర్లు వాడాడు. ఆశ్రయం దరఖాస్తు 2016 జూన్‌లోనే తిరస్కరించారు. అయినా వెనక్కి పంపలేకపోయారు. ట్యునీషియా ప్రభుత్వం వాడిని తన పౌరుడని ఒప్పుకుని కాగితాలు ఇవ్వాలి. ఆ కాగితాలు డిసెంబర్ 21న, దాడి జరిగిన రెండు రోజులకు వచ్చాయి. సరిహద్దు గోడ ఎంత ఎత్తు కట్టినా ఈ లోపం పూడదు. ఒకే మనిషి పద్నాలుగు పేర్లతో తిరిగితే పట్టే ఉమ్మడి రికార్డు కావాలి, కాదన్నవాడిని వెనక్కి తీసుకునేలా సొంతదేశంతో ఒప్పందం కావాలి. శరణార్థుల పక్షాన మాట్లాడేవాళ్లు ఈ రెండింటినీ గట్టిగా అడగాలని నా పట్టుదల. తిరస్కరించినవాడిని పంపగలిగితేనే నిజంగా తరిమేయబడ్డవాడికి చోటు ఇవ్వడానికి జనం ఒప్పుకుంటారు.

గవర్నర్ల ప్రకటనలు కోర్టులో నిలవలేదు. శరణార్థుల సహాయ సంస్థలకు కేంద్రం ఇచ్చే డబ్బును సిరియన్ల విషయంలో ఇండియానా రాష్ట్రం నిలిపేస్తే, 2016 ఫిబ్రవరిలో కోర్టు అడ్డుకుంది, అక్టోబర్‌లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. ఎవరిని దేశంలోకి రానివ్వాలన్నది 1980 శరణార్థుల చట్టం ప్రకారం కేంద్రం పని. ఒకసారి వచ్చినవాడు ఏ రాష్ట్రానికైనా బస్సెక్కి వెళ్లగలడు.

కోర్టులో ఓడిన మాటలు వీధిలో మాత్రం మిగిలిపోతాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఒక బారులో కూర్చున్న ఇద్దరు భారతీయ ఇంజనీర్ల మీద ఒకడు, వాళ్లు ఇరాన్‌వాళ్లనుకుని, నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్పులు జరిపాడు. హైదరాబాద్ నుంచి వెళ్లిన యువకుడు చనిపోయాడు. ఆయన శరణార్థి కాదు. మతం చూసి, రంగు చూసి ముప్పును కొలిచేవాడికి వీసా రకంతో పనేముంది?

పారిస్ దాడి చేసినవాళ్ల అసలు దారిని మూయబోయిన చట్టం కూడా ఒకటి వచ్చింది, పెద్ద చర్చ లేకుండా. యూరప్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా లేకుండా అమెరికా వెళ్లే సౌకర్యాన్ని 2015 డిసెంబర్ 18న సవరించారు. 2011 మార్చి మొదలుకుని సిరియా, ఇరాక్ లాంటి దేశాలకు వెళ్లొచ్చినవాళ్లు ఇక వీసా తీసుకోవాల్సిందే. ఆ దేశాల పౌరసత్వం కూడా ఉన్నవాళ్లు అక్కడ ఎన్నడూ అడుగు పెట్టకపోయినా అందులో చిక్కుకున్నారు, అది అన్యాయం. అసలు చిక్కు మరోచోట ఉంది. టర్కీ మీదుగా దొంగదారిన సిరియా వెళ్లి వచ్చినవాడి పాస్‌పోర్టులో సిరియా ముద్ర ఉండదు. వాడి పేరు బ్రస్సెల్స్ పోలీసుల దగ్గర ఉండాలి, అక్కడి నుంచి వాషింగ్టన్ జాబితాకు చేరాలి. లేదంటే కౌంటరు దగ్గర అధికారి సిరియా వెళ్లారా అని అడుగుతాడు, వాడు లేదంటాడు.