అరుగులు పోయిన వీధి

మా పాలమూరు ఊళ్లో రోడ్డు వెడల్పు చేసిన ఏడాది, గోడల మీద ఎర్ర రంగుతో గీసిన గీత మా అరుగును దాటి గడప దాకా వచ్చింది. నడుమ అరిగిపోయి, వాన పడితే దోసెడు నీళ్లు నిలిచే ఆ షాబాదు బండ మీదే మా అవ్వ బియ్యం ఏరేది, వాడకట్టంతా మాట్లాడుకునేది. పరిహారం గోడకు కట్టారు, రేకులకు కట్టారు. నలుగురూ కూడే ఆ చోటును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, థర్డ్ వార్డ్ అనే నల్లజాతి పేట గురించి చదివినప్పుడు నాకు ఆ బండే గుర్తొచ్చింది. బానిసత్వం నుంచి విముక్తులైనవారు 1872లో డబ్బు పోగుచేసి, తమ విముక్తి పండుగ కోసం 10 ఎకరాలు కొని ఎమాన్సిపేషన్ పార్కుగా నిలుపుకున్న చోటది. అక్కడ పాడుబడిన 22 చిన్న ఇళ్లను 1993లో రిక్ లో అనే ఆయన, మరో ఆరుగురు నల్లజాతి కళాకారులు కలిసి కాపాడి, కొన్నింటిని కళకూ, కొన్నింటిని చదువుకుంటూ పిల్లలను పెంచుకునే ఒంటరి తల్లులకూ కేటాయించారు. గది వెనుక గది, ముందు వసారా, ఆ వసారాలో కూర్చుంటే పక్కింటి వారి పలకరింపు: ఈ పొందికను వాళ్లు చెదరనివ్వలేదు. నగర కేంద్రానికి దగ్గర కావడంతో భూముల ధరలూ అద్దెలూ పెరిగి పాతవారు వెళ్లిపోతున్నారు కనుక, అదే పోలికలో తక్కువ అద్దె ఇళ్లను కూడా కట్టారు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే, ఎందుకంటే మనుషులు వెళ్లిపోయాక మిగిలే గోడ ఎంత అందంగా ఉన్నా ఆ పేట చరిత్రను చెప్పలేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన వనపర్తి సంస్థానంలో కొలువు చేసిన ఆఫ్రికా సిపాయిలు తర్వాత నిజాం సైన్యంలో చేరారు; హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. రేపు అక్కడ ఏ మార్పు తలపెట్టినా, వాళ్ల మర్ఫా డప్పు ఎక్కడ మోగేదో, పెద్దలు ఎక్కడ కూర్చునేవారో ఆ సిపాయిల వారసులైన సిద్దీ కుటుంబాలను అడిగాకే నక్షా గీయాలని నా కోరిక.

మేమూ మొన్న ఒక ఆదివారం పొద్దున, రోడ్డు మీద ముగ్గుపిండితో పాత అరుగుల జాడలు గీశాము. నేను మా అరుగు గీస్తుంటే ఎదురింటి పెద్దమ్మ వంగి చూసి, "ఆడ గాదు బిడ్డా, జర ఇటు జరుపు, యాపచెట్టు నీడ ఈడిదాంక వస్తుండె" అన్నది. ఆ గీతల కొలతలు తీసుకుని, కాలిబాట పక్కన అవే చోట్ల రాతి బల్లలు వేయించమని అర్జీ రాస్తున్నాము.