గుణదల కొండ మీద పాప గుండు

మాది లూథరన్ కుటుంబం. మొక్కులు, తలనీలాలు, కొబ్బరికాయలు మా ఇంటా వంటా లేవు. మా ఆవిడ వాళ్ళు ఫిరంగిపురం ఆర్.సి.ఎం. వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు. పాప పుట్టెంట్రుకలు బెజవాడలోని గుణదల మరియమాత దగ్గర తీయిస్తానని మా అత్తగారు మొక్కుకున్నప్పుడు నేనేమీ అనలేదు. అనే స్థితిలో లేను కూడా. పాప ఏడో నెలలో పుట్టింది. 1,350 గ్రాములు. 34 రోజులు ఆస్పత్రి అద్దాల గదిలోనే ఉంది.

ఆ 34 రోజులూ నేను బతికింది గ్రాముల లెక్క మీదే. నైట్ డ్యూటీ నర్సమ్మ తలుపు కొంచెం తీసి "ఇరవై పెరిగింది" అంటే ఆ పూట ముద్ద దిగేది. "తగ్గింది" అంటే వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. పన్నెండో రోజు నన్ను చొక్కా విప్పి కుర్చీలో వెనక్కి వాలమని, పాపను నా గుండెల మీద పడుకోబెట్టారు. దగ్గొస్తే పాప ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని గంటసేపు ఊపిరి కూడా మెల్లగా పీల్చాను.

మొన్న ఫిబ్రవరి 10న తెనాలిలో రైలెక్కాం. ఉత్సవాలు ఏటా 9 నుంచి 11 వరకు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే అమ్మాయికి మరియమాత మొదటిసారి కనిపించింది ఫిబ్రవరి 11నే కాబట్టి ఆ రోజు పెద్ద పండుగ. బెజవాడలో దిగి ఆటో ఎక్కితే జనం వల్ల సగం దూరంలోనే దింపేశాడు. పాపను భుజాన వేసుకుని నడిచాం. దారంతా కొవ్వొత్తులు, జపమాలలు, పీచుమిఠాయి. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు చాలామందే కనిపించారు. "మాత అందరికీ అమ్మే కదయ్యా" అన్నారు అత్తగారు. 1924లో ఇటలీ ఫాదర్ అర్లాటి ఇక్కడి కొండ గుహలో మాత స్వరూపం పెట్టిన సంగతీ, 1933లో కొండ కొసన 18 అడుగుల ఇనుప సిలువ నిలిపిన సంగతీ సొంతింటి కబుర్లలా చెప్పుకొచ్చారు.

గుండు కార్యక్రమం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఏడుపు మాత్రం అరగంట. ఒకప్పుడు ఏడవడానికే శక్తి లేని పిల్ల. అంత గట్టిగా ఏడుస్తుంటే మా ఆవిడ ఓదార్చకుండా నవ్వుతూ నిలబడింది.

గుహ ముందుకొచ్చాక నా అసలు బండారం బయటపడింది. కృతజ్ఞత చెప్పాలనే కదా వచ్చింది! కళ్ళు మూసుకోగానే వరసగా వచ్చినవన్నీ కోరికలే. పాప జలుబు తగ్గాలి, త్వరగా నడవాలి, నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటు కావాలి. సిగ్గేసింది. మా ఆవిడ చేతిలోంచి జపమాల తీసుకున్నాను. వాళ్ళ జపం నాకు నోటికి రాదు. అందుకని పూసకొక మనిషిని తలుచుకుంటూ నేరుగా యేసయ్యకే థాంక్స్ చెప్పాను. నర్సమ్మ ఒక పూస. నెలపాటు క్యారియర్ పంపిన పక్కింటి పిన్నిగారు ఒక పూస. అర్ధరాత్రి తన దుప్పటి నాకిచ్చి కుర్చీలో ముడుచుకున్న వాచ్‌మన్ ఒక పూస. అతని పేరు కూడా అడగలేదు. అప్పుడు ఒంటరిగా ఉన్నాననే అనుకునేవాణ్ణి. దేవుడు ఎక్కడున్నాడని ఆ మెట్ల మీద కూర్చుని అడిగాను కూడా. మనుషులు అయిపోక ముందే పూసలు అయిపోయాయి, మళ్ళీ మొదట్నుంచి తిప్పాను.

తిరుగు రైల్లో సీటు దొరికింది. పాప టోపీ పెట్టనివ్వడం లేదు, పెట్టినప్పుడల్లా పీకి కింద పడేస్తోంది. అత్తగారు నావైపు వంగి మెల్లగా చెప్పారు: "నీ ఉద్యోగం పర్మనెంటైతే వచ్చే ఏడు నేనూ గుండు చేయించుకుంటానని మొక్కాను."

"థాంక్స్ చెప్పడానికే వెళ్దామన్నారు కదా అత్తయ్యా?"

"చెప్పాను బాబూ. చెప్పాకే అడిగాను."