ఆరుద్ర చుక్క కోసం కావలూరు దాకా

చిత్తూరు నుంచి వేలూరు, అక్కణ్ణుంచి బెంగళూరు హైవే మీద ఆంబూరు, వాణియంబాడి. వాణియంబాడిలో హైవే వదిలేసి ఎడమకి తిరిగితే ఆలంగాయం మీదుగా జవ్వాది కొండలెక్కే దారి వస్తుంది. ఆ కొండల మీద, అడవి మధ్యలో, సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తులో కావలూరు ఉంది. అక్కడి వేణు బప్పు అబ్జర్వేటరీ చూడాలని నాకు కాలేజీ రోజుల నుంచీ కోరిక. పిల్లలకి ఫిజిక్స్ చెప్పే ఉద్యోగంలో చేరాక అది ఇంకా ఎక్కువైంది. సంక్రాంతి అయ్యాక, వెన్నెల లేని ఒక శనివారం చూసుకుని బయల్దేరాం, నేనూ నా మేనకోడలూ. తను ఇంటర్ ఎంపీసీ. కారెక్కిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న.

"మామయ్యా, ఆరుద్ర నక్షత్రం పేలిపోతుందంట గదా. ఎప్పుడు?"

2019 చివర్లో ఆ నక్షత్రం (ఇంగ్లీషులో బెటెల్‌గ్యూస్) ఉన్నట్టుండి మసకబారడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి మామూలు కాంతిలో సగం కూడా లేదు. పేలబోతోందని పేపర్లూ టీవీలూ హడావిడి చేశాయి. అప్పుడు చిన్నపిల్ల అయినా ఆ మాట తన మనసులో ఉండిపోయింది. మాది సేద్యం కుటుంబం కాబట్టి ఆరుద్ర పేరు ఇంట్లో అందరికీ తెలుసు, కార్తెగా. కానీ ఆరుద్ర కార్తెలో ఆరుద్ర చుక్క కనబడదు. జూన్‌లో సూర్యుడు దాని పక్కనే ఉంటాడు కాబట్టి అది పగటి వెలుగులో కలిసిపోతుంది. చూడాలంటే చలికాలమే రావాలి.

ఆంబూరులో బిరియానీకి ఆగాం. సన్నటి జీరగ సాంబ బియ్యం, పక్కన పుల్లటి వంకాయ కూర. దాని గురించి ఎక్కువ రాస్తే ఈ వ్యాసం దారి తప్పుతుంది.

ఆలంగాయంలో టీకొట్టు దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాం. నా జేబులో ఎప్పుడూ ఒక గ్రేటింగ్ ఫిల్మ్ ఉంటుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్క, దాని మీద కంటికి కనిపించనంత దగ్గర దగ్గరగా గీతలు. కొట్టులో దేవుడి పటం ముందు ఒక చిన్న ఫిలమెంట్ బల్బు, పైన చూరుకి పాతకాలపు ట్యూబ్‌లైటు ఉన్నాయి. ఫిల్మ్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుని బల్బు చూడమన్నాను. ఎరుపు నుంచి ఊదా దాకా ఎక్కడా తెగకుండా పరుచుకున్న రంగుల పట్టీ. తరవాత ట్యూబ్‌లైటు చూడమన్నాను. పట్టీ అంతా ఒకేలా లేదు. ఆకుపచ్చ దగ్గర ఒకచోట, నీలం దగ్గర ఒకచోట వెలుగు గట్టిగా కుదురుకుని ఉంది. "ఆ ఆకుపచ్చా, నీలమూ లోపలున్న పాదరసం ఆవిరి సంతకాలు" అన్నాను. గొట్టం పగలగొట్టకుండానే లోపలేముందో చెప్పొచ్చన్నమాట. టీకొట్టాయన కూడా ఫిల్మ్ అడిగి తీసుకుని చూసి, తన కొడుకుని పిలిచి చూపించాడు.

నక్షత్రాల గురించి మనకి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఇలా తెలిసిందే. ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా దాదాపు ప్రతి నక్షత్రమూ చుక్కలాగే ఉంటుంది. ఆ చుక్క వెలుగుని రంగులుగా విడదీసినప్పుడే అందులో ఏమేం ఉన్నాయో, ఎంత వేడిగా ఉందో, ఏ వయసులో ఉందో బయటపడుతుంది. ఆ రంగుల పట్టీలోని, అంటే వర్ణపటంలోని, గీతల్ని ఉష్ణోగ్రతతో ముడిపెట్టి లెక్కగట్టే సమీకరణాన్ని 1920లో ఇచ్చినవాడు మన మేఘనాద్ సాహా. దాన్ని పట్టుకుని 1925లో సిసీలియా పేన్ నక్షత్రాలు ముఖ్యంగా హైడ్రోజన్‌తో తయారయ్యాయని తేల్చింది. అప్పటిదాకా నక్షత్రమంటే దాదాపు భూమిలాంటి పదార్థమే, కాకపోతే బాగా వేడెక్కి ఉంటుంది అనుకునేవాళ్ళు.

కొండదారి మలుపులు దాటి గేటు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. లోపలంతా చెట్లు. వాటి మధ్య తెల్లటి గుమ్మటాలు ఒకటీ ఒకటీ బయటపడతాయి. 1968లో ఇక్కడ 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో పని మొదలైంది. 1972లో జైస్ కంపెనీ తయారుచేసిన ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1986లో 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపు. దాని అద్దాన్ని సానబట్టింది కూడా మన దేశంలోనే. అప్పటికి ఆసియాలోనే అతి పెద్ద టెలిస్కోపుల్లో అదొకటి.

ఇదంతా కోరి కట్టించిన వేణు బప్పు పెరిగింది హైదరాబాదులో. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బేగంపేటలో ఇప్పుడు సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) ఉన్న ఆవరణే అది. కుర్రాడు ఆ టెలిస్కోపుల మధ్యే తిరిగి, నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్ళాడు. 1949లో అక్కడ ఇద్దరు సహచరులతో కలిసి ఒక తోకచుక్కని కనిపెట్టాడు. తిరిగొచ్చాక చాలా చోట్ల వెతికించి ఈ కొండని ఎంచుకున్నాడు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఉత్తరాకాశంతో పాటు దక్షిణాకాశంలో చాలా భాగం ఇక్కణ్ణుంచి అందుతుంది. పెద్ద టెలిస్కోపు పూర్తికాకముందే, 1982లో ఆయన పోయారు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. బేగంపేట మీదుగా రోజూ వెళ్ళే ఎన్ని వేలమందికి ఆయన పేరు తెలుసు?

పెద్ద గుమ్మటం లోపలికి తీసుకెళ్ళారు. చల్లగా ఉంది, కొంచెం నూనె వాసన. ముందు కళ్ళకి ఆనేది అద్దం కాదు, దాన్ని మోసే ఉక్కు. గుర్రపు లాడం ఆకారంలో ఒక భారీ చక్రం, దానికి బిగించిన కాడి, మధ్యలో కమ్మీలతో అల్లిన టెలిస్కోపు. భూమి తిరుగుతున్నంతసేపూ దానికి ఎదురు తిరుగుతూ నక్షత్రాన్ని ఒకేచోట నిలబెట్టడమే ఆ ఉక్కు పని. అద్దం మూతల కింద ఉంది. దాని మీద అల్యూమినియం పూత కొన్నాళ్ళకి మసకబారుతుందట, పాతది కడిగేసి కొత్తది వెయ్యాలి. ఆ పూత వేసే యంత్రం కూడా ఇక్కడే ఉంది. "ఇందులోంచి మనం చూడొచ్చా?" అంది మేనకోడలు. ఇప్పుడు ఇందులో ఎవరూ కన్ను పెట్టి చూడరు. వెలుగు కెమెరాకో, దాన్ని రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్‌కో వెళ్తుంది, పరిశోధకులు కంప్యూటర్ ముందు కూర్చుంటారు. మాలాంటివాళ్ళకి చీకటి పడ్డాక చిన్న టెలిస్కోపులో చూపిస్తారు.

చీకటి పడింది. కిందనున్న ఊళ్ళ వెలుగు ఆకాశం అంచున పసుప్పచ్చగా తేలుతోంది, ఆ మేరకు చుక్కలు తక్కువ. నడినెత్తిన మాత్రం నల్లటి ఆకాశం. కృత్తికలు సరిగ్గా తల మీద ఉన్నాయి. మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేది. వాటికి తూర్పున రోహిణి, ఆగ్నేయంగా మృగశిర, ఆరుద్ర, కింద సిరియస్.

క్యూలో మా వంతు వచ్చేసరికి టెలిస్కోపు ఒరాయన్ అనే వేటగాడి ఆకారంలోని నక్షత్రాల గుంపులో, నడుం కింద, కత్తి భాగంలో ఉన్న ఒరాయన్ నెబ్యులా (వాయువూ ధూళీ కలిసిన మబ్బు) వైపు ఉంది. బూడిదరంగులో కొద్దిగా ఆకుపచ్చ కలిసిన ఒక పొర, రెండు పక్కలా రెక్కలు చాచినట్టు. ఫొటోల్లో కనిపించే ఎరుపూ ఊదా కంటికి అందవు. మొదటి చూపుకి ఏమీ లేనట్టే ఉంటుంది. కన్ను కదపకుండా కొంచెంసేపు ఉంచితే పొర అంచులు బయటికి పాకుతున్నట్టు అనిపిస్తాయి. మధ్యలో దగ్గర దగ్గరగా నాలుగు సన్నని చుక్కలు. ట్రపీజియం అంటారు. సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో, కొన్ని లక్షల ఏళ్ళ క్రితమే పుట్టిన పసి నక్షత్రాలవి. వాటి అతినీలలోహిత కాంతికి చుట్టూ ఉన్న హైడ్రోజన్ వాయువు వెలుగుతోంది. ఆ పొరలో ఇప్పుడూ కొత్తవి పుడుతున్నాయి. వాటి చుట్టూ గ్రహాలు తయారయ్యే ధూళి పళ్ళేలని హబుల్ టెలిస్కోపు ఫొటోలు తీసింది.

"ఒక్క నక్షత్రం బతుకు కోట్ల ఏళ్ళు గదా, మనం ఎవరం కూర్చుని చూశాం? ఇలా పుడుతుంది, అలా పోతుంది అని ఎట్ల చెప్తారు?" అంది బయటికొచ్చాక.

చాలా మంచి ప్రశ్న. పెళ్ళింటికి వెళ్తే ఒక్క పూటలో చంటిపిల్లనీ, పెళ్ళికొడుకునీ, కర్ర పట్టుకున్న తాతనీ చూస్తాం. ఒక మనిషి వెంట డెబ్భై ఏళ్ళు తిరగకపోయినా మనిషి బతుకెలా సాగుతుందో అర్థమవుతుంది. ఆ రాత్రి మా ఎదురుగా ఉన్న ఆకాశంలో అన్ని వయసులవాళ్ళూ ఉన్నారు. కృత్తికలు దాదాపు 10 కోట్ల ఏళ్ళవి, పడుచువాళ్ళు. ఐపీసులో (టెలిస్కోపుకి కన్ను పెట్టే చోట) నీలంగా, పదునుగా మెరిశాయి. అవన్నీ ఒకే మబ్బులో, ఒకే కాలంలో పుట్టినవి. నక్షత్రాల గుంపులు శాస్త్రవేత్తలకి అంత విలువైనవి కావడానికి కారణం అదే. వయసు ఒకటే, దూరం ఒకటే కాబట్టి తేడా అంతా బరువు వల్ల వచ్చిందే. బరువైనవి ఇంధనాన్ని విపరీతంగా తగలేస్తాయి. మన సూర్యుడికి మొత్తం ఆయుష్షు దాదాపు 1,000 కోట్ల ఏళ్ళు, అందులో 460 కోట్లు అయిపోయాయి. సూర్యుడికి పదిరెట్లు బరువున్న నక్షత్రం రెండు మూడు కోట్ల ఏళ్ళకే ముగిసిపోతుంది.

రోహిణి నారింజ రంగులో కనిపించింది. 65 కాంతి సంవత్సరాల దూరం. సూర్యుడికన్నా కాస్తే ఎక్కువ బరువు, కానీ నలభై రెట్లకి పైగా లావు. గర్భంలో హైడ్రోజన్ అయిపోయి ఉబ్బిన నక్షత్రం. సూర్యుడికి కూడా ఒకరోజు ఈ గతే.

ఇక ఆరుద్ర. ఐపీసులో అది రాగిరంగు చుక్క. పక్కకి రాగానే "ఇంతేనా?" అంది. ఆ చుక్కకి సైజు కొలవడానికి ఏం చేశారో చెప్పాను. 1920 డిసెంబరులో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద మైకెల్సన్, పీజ్ అనే ఇద్దరు 100 అంగుళాల టెలిస్కోపు నెత్తిన 20 అడుగుల ఉక్కు దూలం బిగించి, దానికి అద్దాలు అమర్చి, రెండు వైపుల నుంచి వచ్చిన వెలుగుని కలిపి చూశారు. సూర్యుణ్ణి మినహాయిస్తే ఒక నక్షత్రం వ్యాసాన్ని కొలవడం అదే మొదలు. ఇప్పటి లెక్కల ప్రకారం దాన్ని తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య దాటి పోతుంది. వయసు మాత్రం కోటి ఏళ్ళ చుట్టుపక్కలే. భూమ్మీద డైనోసార్లు పోయినప్పటికి అది ఇంకా పుట్టనే లేదు. 2020లో మసకబారడానికి కారణం అది కక్కిన ధూళి మబ్బు, ఉపరితలం మీద చల్లబడిన భాగం అని చిలీలోని పెద్ద టెలిస్కోపు తీసిన చిత్రాలు చూసి తేల్చారు. పేలడం ఖాయం. వచ్చే లక్ష ఏళ్ళలో ఎప్పుడైనా కావచ్చు. పేలితే కొన్నాళ్ళపాటు పగలు కూడా కనిపిస్తుంది.

ఎర్రగా కనిపించేదల్లా పెద్ద నక్షత్రం కాదు. దగ్గర్లో ఉన్న చిన్న ఎర్ర నక్షత్రానికీ, దూరంగా ఉన్న మహాకాయానికీ రంగు ఒకటే. తేడా ఎలా పట్టాలి? ఇక్కడే బప్పు చేసిన గొప్ప పని ఉంది. చల్లటి నక్షత్రాల వర్ణపటంలో, ఊదారంగు చివర, 3,933 ఆంగ్‌స్ట్రాముల తరంగదైర్ఘ్యం దగ్గర కాల్షియం వల్ల ఒక వెడల్పాటి నల్లగీత పడుతుంది. దాని మధ్యలో సన్నటి వెలుగు గీత. ఆ వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువని ఆయనా, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సనూ కలిసి 1957లో చూపించారు. అసలు కాంతి తెలిస్తే, కనిపించే కాంతితో పోల్చి దూరం లెక్కగట్టొచ్చు. దూరంతో పాటు అది పొట్టిదో మహాకాయమో, బతుకులో ఏ దశలో ఉందో తెలిసిపోతుంది. స్కేలుతో కొలవగలిగే ఒక గీత వెడల్పు ఇంత చెప్తుందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. క్లాసులో ఇది చెప్పేటప్పుడు గొంతు దానంతటదే పెరుగుతుంది. దీనికి పేరే విల్సన్-బప్పు ఎఫెక్ట్.

ఆఖరుకి సిరియస్. కళ్ళు జిగేల్మన్నాయి. దాని వెలుగులో మునిగిపోయి ఒక తోడు నక్షత్రం ఉంది. 1862లో అమెరికాలో టెలిస్కోపు కటకాలు తయారుచేసే ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త కటకాన్ని పరీక్షిస్తూ దాన్ని పట్టుకున్నాడు. మా చిన్న టెలిస్కోపుకి అది అందదు. సూర్యుడంత బరువు, భూమంత సైజు. ఇంధనం అయిపోయాక మిగిలిన గర్భం. అలాంటి శ్వేత కుబ్జాలు సూర్యుడికన్నా దాదాపు 1.4 రెట్లకి మించి బరువుండలేవని మన శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఇంగ్లండు వెళ్ళే ఓడలో లెక్కలు మొదలుపెట్టి తేల్చారు. అప్పటికి ఆయనకి 19 ఏళ్ళు. "నాకన్నా రెండేళ్ళే పెద్ద" అంది మేనకోడలు. తరవాత చాలాసేపు మాట్లాడలేదు.

దిగేటప్పుడు మళ్ళీ కదిలించింది, ఇంకా కొత్తగా తేలాల్సింది ఏమైనా ఉందా అని. బోలెడు. కావలూరుని నడిపే భారతీయ ఖగోళభౌతిక సంస్థకి చెందిన బాచం ఈశ్వర్ రెడ్డి, యెర్ర భరత్ కుమార్ తదితరులతో కలిసి 2020లో ఒక ఫలితం ప్రకటించారు. సూర్యుడిలాంటి నక్షత్రాలు వయసయ్యేకొద్దీ లిథియంని పోగొట్టుకుంటాయనే పాత లెక్క. వీళ్ళు వేల నక్షత్రాల వర్ణపటాలు పరిశీలిస్తే, గర్భంలో హీలియం మండడం మొదలయ్యాక వాటిలో లిథియం మళ్ళీ పెరిగినట్టు కనిపించింది. మన ఫోన్ బ్యాటరీలో ఉండే లిథియమే. ఎలా తయారై పైకి వస్తోందో ఇంకా పూర్తిగా తేలలేదు. "ఆ పని నేను చేస్తా" అంది. చేస్తుందనే నా నమ్మకం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. సందర్శకుల రోజూ వేళా ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులుంటాయి, ఆ నెలలు వద్దు. జనవరి నుంచి మార్చి బాగుంటుంది. అమావాస్యకి దగ్గరి శనివారం చూసుకోండి. కొండ మీద రాత్రి చలేస్తుంది, స్వెట్టర్ ఉండాలి. టెలిస్కోపు దగ్గర ఫోన్ వెలిగించొద్దు. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు మళ్ళీ కుదురుకోవడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఈలోపు క్యూలో మీ వంతు అయిపోతుంది.