కొంచెం స్పానిష్ వచ్చినవాళ్లు ఏమని చెప్పుకోవాలి?

నేను హ్యూస్టన్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టును. మెక్సికో నుంచి, ఎల్ సాల్వడార్ నుంచి, హోండురాస్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి కాబట్టి స్పానిష్ నాకు సరదా కాదు, అవసరం. మా దగ్గర ఆ భాష తెలిసినవాళ్లు ‘ఆబ్లో ఎస్పన్యోల్’ అని రాసిన బ్యాడ్జి పెట్టుకుంటారు. నేను స్పానిష్ మాట్లాడతాను అని దాని అర్థం. నాకూ ఒకటి ఇవ్వబోయారు. వద్దన్నాను. ఆ రెండు మాటలు చూసి నా వైపు వచ్చే పెద్దావిడ రక్తపోటుతో మొదలుపెట్టి కోడలి దాకా అన్నీ ఒక్క ఊపిరిలో చెబుతుంది. ఆమెను మధ్యలో ఆపే శక్తి ఆ బ్యాడ్జికి లేదు, నాకూ లేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట నేర్పే వాక్యం ‘ఆబ్లో ఉన్ పోకో దె ఎస్పన్యోల్’, కొంచెం స్పానిష్ మాట్లాడతాను. నన్నడిగితే ఇంత పనికిరాని వాక్యం లేదు. కొంచెం అంటే ఎంత? విన్నవాళ్లు వెంటనే ఇంగ్లీషులోకి మారిపోతారు, లేదంటే బాగానే వచ్చినట్టుందే అనుకుని వేగం పెంచుతారు. తెలుగువాళ్ల విషయంలో ఈ రెండోదే ఎక్కువ. స్పానిష్‌లోని త, ద మనవాటిలాగే పళ్లకు తగులుతూ పలుకుతాయి, అచ్చులు స్పష్టంగా పలకడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. దాంతో మొదటి వాక్యం ముత్యంలా వస్తుంది. రెండో వాక్యానికే అసలు సంగతి బయటపడుతుంది.

యూరప్ కౌన్సిల్ 2001లో భాషా స్థాయిలను ఏ1 నుంచి సి2 వరకు ఆరుగా విభజించి ప్రచురించింది. స్పానిష్ నేర్పే సెర్వాంటెస్ సంస్థ నిర్వహించే డెలె అనే స్పానిష్ భాషా పరీక్షలు కూడా ఆ ఆరు స్థాయిల ప్రకారమే ఉంటాయి. అందులో అన్నిటికంటే కింది స్థాయి అయిన ఏ1 వర్ణన నాకు చాలా ఇష్టం. అవతలి మనిషి నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతూ సాయం చేయడానికి సిద్ధంగా ఉంటే ఈ స్థాయివారు సులువైన సంభాషణ జరపగలరు అని ఉంటుంది. అంటే ఆ స్థాయిలో మన భాషలో సగం భారం అవతలివారిదే. అలాంటప్పుడు నాకు ఇంత వచ్చు అని ప్రకటించి ఊరుకుంటే ఏం లాభం? వాళ్లు ఏం చేయాలో కూడా చెప్పాలి.

అందుకే నేను ఇలా మొదలుపెడతాను: ‘ఎస్తోయ్ అప్రెందియెందో. ఎంతియెందో మాస్ దె లో కె ఆబ్లో. మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్.’ నేర్చుకుంటున్నాను, మాట్లాడేదానికంటే ఎక్కువ అర్థమవుతుంది, కాస్త నెమ్మదిగా చెప్పండి. మూడూ చిన్న వాక్యాలే. ఎదుటివారికి కావలసిన సమాచారమంతా వాటిలో ఉంది. పెద్దవాళ్లతో ‘తు’ కాకుండా ‘ఉస్తెద్’ వాడాలని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, నువ్వు, మీరు తేడా తెలిసినవాళ్లమే కదా.

కాస్త ముందుకు వెళ్లాక ‘మె దెఫియెందో’ అనవచ్చు, ఏదో నెట్టుకొస్తాను అన్నట్టు. నాకు నచ్చిన మాట, గొప్పలూ లేవు, బేలతనమూ లేదు. ఎంతకాలంగా నేర్చుకుంటున్నారో చెప్పడానికి ‘యెవో ఉన్ అన్యో ఎస్తుదియాందో’, ఏడాదిగా చదువుతున్నాను అనే పద్ధతి ఉంది. ఉద్యోగ దరఖాస్తులో అయితే ‘నివెల్ బాసికో’ అని రాసి ఊరుకోండి. అక్కడ ధారాళంగా వచ్చని రాసేవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

మా వృత్తిలో ఈ నిజాయతీ మర్యాద కోసం కాదు. ఇంగ్లీషులో రోజుకు ఒకసారి అని చెప్పే ‘వన్స్’ అక్షరాలనే స్పానిష్‌లో ‘ఓన్సె’ అని చదువుతారు, దాని అర్థం పదకొండు. సీసా మీద అది ఇంగ్లీషులో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే పలకరింపులు, పేరు, పుట్టిన తేదీ వరకే నా స్పానిష్. మోతాదు మాట రాగానే ‘వోయ్ ఆ యమార్ ఆ ఉన్ ఇంతెర్‌ప్రెతె’, దుబాసీని పిలుస్తాను అని చెప్పి ఫోను అందుకుంటాను. ఇంతవరకు ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

పైగా చాలామంది ‘ఆబ్లా ముయ్ బియెన్’, చాలా బాగా మాట్లాడుతున్నారు అని మెచ్చుకుంటారు. దానికి ‘గ్రాసియాస్, తొదవీయా ఎస్తోయ్ అప్రెందియెందో’ అంటే చాలు, ఇంకా నేర్చుకుంటున్నానండీ అని. ఆ తర్వాత ఎక్కడి వారని అడుగుతారు, మా మాతృభాష తెలుగు అంటే అదెక్కడ మాట్లాడతారని అడుగుతారు. వరుసలో వెనకాల నిలబడ్డవాళ్లు గొంతు సవరించుకునే దాకా ఆ ముచ్చట సాగుతుంది.