మెదక్‌లో పునరుత్థాన పండుగ

గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం ముగించుకొని ఇంటికి వచ్చిన తరువాత, ఈసారి ఈస్టర్‌ను మెదక్‌లో ఆచరించాలని నేనూ నా భార్యా నిశ్చయించుకున్నాము. హైదరాబాదు నుంచి నర్సాపూర్ అడవి మీదుగా సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం. శనివారం మధ్యాహ్నానికి, ఊరు ఇంకా రాకముందే, దాదాపు 175 అడుగుల ఎత్తున్న మెదక్ చర్చి మందిరపు గోపురం చెట్లపైన కనిపించింది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ (మెథడిస్టు) మిషనరీ పూనికతో 1914లో మొదలైన ఈ నిర్మాణం పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న మందిరం ప్రతిష్ఠ జరిగింది. కరవుతో అల్లాడుతున్న కుటుంబాలకు ఈ పని కూలీ కూడూ ఇచ్చి నిలబెట్టిందని ఇక్కడివారు నేటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటారు. దేవుని మందిరం కట్టడమూ ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమూ ఇక్కడ ఒకే పనిగా జరిగాయన్న సంగతి, ఆ గోడల ఎత్తుకన్నా నన్ను ఎక్కువగా కదిలించింది.

లోపల చాలాసేపు రంగుటద్దాల కిటికీల ముందే నిలుచున్నాము. బయటి నుంచి చూస్తే మసకబారిన గాజు పలకలే. లోపలికి వెళ్లి చూస్తే, పగటి వెలుగు సోకి, సీసపు బద్దెల మధ్య బిగించిన చిన్న చిన్న ముక్కలన్నీ కలిసి ఒక్కసారిగా చిత్రమవుతాయి. బలిపీఠం వెనుక ఉన్నది, లేచిన యేసు పరలోకానికి వెళ్లే ఆరోహణ దృశ్యం. ఇక్కడి మూడు కిటికీలలో ముందుగా, 1927లో, అమర్చినది అదే. క్రీస్తు జనన దృశ్యం 1947లో, సిలువ దృశ్యం 1958లో వచ్చాయి. అంటే ఈ సంఘం ఏళ్ల తరబడి లేచిన ప్రభువు రూపం ఎదుటనే మోకరించి ప్రార్థించింది. తొలి శిష్యుల అనుభవమూ ఇటువంటిదే కదా అనిపించింది. వారు తిరిగి లేచిన యేసును ఎదుర్కొన్న తరువాతనే, ఆ వెలుగులో, ఆయన మరణం ఎందుకో గ్రహించగలిగారు. పునరుత్థానమే లేకపోతే మన ప్రకటన వ్యర్థమని పౌలు కొరింథీయులకు అంత సూటిగా రాయడానికి కారణం కూడా ఇదే.

సాయంత్రం దగ్గరలోని ఒక పల్లెలో సమాధుల తోటకు వెళ్లాము. పండుగ ముందు రోజు కావడంతో ఇంటింటివారూ వచ్చి, కలుపు పీకి, సమాధులకు సున్నం వేస్తున్నారు. ఒక పెద్దావిడ సన్నని కుంచెతో, వెలిసిపోయిన అక్షరాల మీద నల్లరంగు దిద్దుతోంది. చెయ్యి వణికినప్పుడల్లా ఆగి, కొంగు కొసతో అంచు తుడిచి, మళ్లీ మొదలుపెడుతోంది. అది ఆమె కొడుకు సమాధి. ఏమనాలో తోచక "వందనాలమ్మా" అన్నాను. "వందనాలు బిడ్డా. రేపు పొద్దుగాల అందరొస్తరు గద, పేరు మంచిగ కనవడాలె. ప్రభువు లేచిండు, నా కొడుకు గూడ లేస్తడు" అంది. ఆ మాటలో దుఃఖాన్ని దాచుకునే ప్రయత్నం లేదు, కళ్లలో నీళ్లు అలాగే ఉన్నాయి. ఏడుస్తూనే నమ్మగలగడమే పునరుత్థాన విశ్వాసమని నేను అనుకుంటాను.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే సంఘమంతా కొవ్వొత్తులతో అక్కడికి చేరింది. ప్రతి సమాధి మీదా బంతిపూలు, వెలుగుతున్న వత్తులు. సంఘ కాపరి అయ్యగారు మత్తయి సువార్త నుంచి "ఆయన ఇక్కడ లేడు" అన్న దూత మాట చదివి, "ప్రభువు లేచెను" అని బిగ్గరగా పలికితే, పిల్లలతో సహా అందరూ "నిజముగా లేచెను" అని బదులిచ్చారు.

ఆయన ప్రసంగం క్లుప్తంగా సాగింది. లేచిన ప్రభువు, సందేహించిన శిష్యుడు తోమాకు తన గాయాలను చూపించాడనీ, మహిమ శరీరంలో సైతం ఆ గురుతులు చెరిగిపోలేదనీ, కాబట్టి గాయపడినవారిని తప్పించుకొని నడిచే భక్తి ఆయన భక్తి కాదనీ చెప్పారు. ఈ మాట నేడు మనకు ఎంతో అవసరం. ఉద్యోగం, వీసా, ఇల్లు వస్తేనే దేవుడు జీవిస్తున్నాడని రుజువైనట్టు బోధించే వేదికలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అవి రానివాడి విశ్వాసం ఏమైపోవాలి? కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లికి ఆ వేదికల మీద చెప్పడానికి ఏముంది? నిన్నటి నుంచి నా మనసులో నలుగుతున్న ప్రశ్నలివి.

రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల ఆరాధన అయ్యాక, అయ్యగారు మంచాన పడిన సంఘస్థుల పేర్లు చదివి, ఈ వారం ఎవరింటికి ఎవరు వెళ్తారని అడిగారు. ఒక్కో పేరుకూ ఎవరో ఒకరు చెయ్యెత్తారు. సమాధికి రంగు దిద్దిన ఆ పెద్దావిడ, పక్షవాతంతో ఉన్న ఒకామెకు రోజూ అన్నం పట్టుకెళ్తానని లేచి చెప్పింది. మేమూ ఆమెతో కలిసి మొదటిసారి ఆ ఇంటికి వెళ్లి, ప్రార్థన చేసి, మధ్యాహ్నం హైదరాబాదుకు బయలుదేరాము.