అమ్మానాన్నలతో నారా వెళ్ళొచ్చాం

అమ్మానాన్న ఒసాకా వచ్చి నెల దాటింది, గంట దూరంలో జపాన్ పాత రాజధాని నారా ఉంది, అయినా తీసుకెళ్ళలేకపోయాం, ఒక వారం వాన, ఇంకో వారం మావారికి ఆఫీసు పని, అలా జరుగుతూ వచ్చింది. మొన్న శనివారం ఎట్టకేలకి కుదిరింది. కార్తీకమాసం కదా, అమ్మ తెల్లారకుండానే లేచి స్నానం చేసి బాల్కనీలో దీపం పెట్టేసుకుంది, నేను లేచేసరికి పులిహోర కూడా కలిపేసి డబ్బాల్లో సర్దుతోంది. "నారా కదే, పొద్దున్నే బయల్దేరితేనే తీరిగ్గా దర్శనం అవుతుంది" అని మా అందరినీ హడావిడి పెట్టింది.

ఒసాకాలోని నంబా స్టేషన్లో కింతెత్సు కంపెనీ రైలెక్కితే నలభై నిమిషాలు. స్టేషన్ బయటికి రాగానే ఫౌంటెన్ మధ్యలో ఒక సన్యాసి విగ్రహం ఉంటుంది, గ్యోకి అని. అందరూ "ఫౌంటెన్ దగ్గర కలుద్దాం" అనుకునే చోటు, ఆయనెవరో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేను నాన్న కోసమని ముందే చదివి పెట్టుకున్నా. ఊరూరా తిరిగి చెరువులు తవ్వించి వంతెనలు కట్టించిన మనిషి, జనం ఆయన వెంట నడుస్తుంటే మొదట్లో ప్రభుత్వం ఆయన్ని కట్టడి చేసింది, తర్వాత అదే ప్రభుత్వానికి పెద్ద బుద్ధుడిని చేయించడానికి జనం సాయం కావాల్సొస్తే మళ్ళీ ఆయన్నే పిలిచింది. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, ఇలాంటివి వింటే ఆయనకి టిఫిన్ అక్కర్లేదు. చెరువులు తవ్వించాడనగానే విగ్రహం ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టేశారు.

అమ్మకి మోకాళ్ళ నొప్పి కాబట్టి ముందు బస్సెక్కి కసుగా తైషా అనే షింతో (జపాన్ వాళ్ళ సొంత మతం) గుడికి వెళ్ళిపోయాం. 768 లో కట్టారంటారు. దారి పొడుగునా నాచు పట్టిన రాతి దీపస్తంభాలు, లోపల వసారాల్లో వేలాడే కంచు దీపాలు, అన్నీ కలిపి మూడు వేల దాకా ఉంటాయి, ఒక్కొక్కటీ ఎవరో ఒకరు మొక్కుకుని ఇచ్చినవి. అన్నీ వెలిగించేది ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మాత్రమే. కానీ ఒక చీకటి గదిలో కొన్ని దీపాలు ఎప్పుడూ వెలుగుతూ ఉంచుతారు, అద్దాలు పెట్టారు కాబట్టి ఎటు చూసినా దీపాలే. అమ్మ అందులోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. పాప వెళ్ళి చూసొచ్చి "అమ్మమ్మ ఏదో చదువుకుంటోంది" అంది. నేను పిలవలేదు, కార్తీకమాసంలో దేశం కాని దేశంలో ఉన్నానే అని వచ్చిన దగ్గర్నుంచీ బాధపడుతూనే ఉంది, ఆ కాసేపు ఆమెకి వదిలేశాం.

ఇక జింకలు. కసుగా దేవుడు తెల్ల జింక మీద వచ్చాడని నమ్మకం, అందుకే వాటిని ఎవరూ ఏమీ అనరు, ఊరంతా వెయ్యికి పైగా తిరుగుతుంటాయి. వాటికి బిస్కెట్ల లాంటివి అమ్ముతారు, అవి తప్ప మనం తినేవి పెట్టకూడదు. చిన్నోడు బిస్కెట్ పట్టుకుని తల వంచితే జింక కూడా తల వంచింది. అది చూసి నాన్న కూడా వంచారు. పులిహోర డబ్బాలు తీసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది, ఒకటి వచ్చి అమ్మ చీర కొంగు నోట్లో పెట్టుకుంది, చివరికి పక్కకి జరిగి ఒక గోడ చాటున నిలబడి తిన్నాం.

అక్కడ్నుంచి తోదాయ్‌జీ, ఆ పెద్ద బుద్ధుడుండే గుడి. ముందు నాన్‌దాయ్‌మోన్ అనే పెద్ద గేటు, దానికి చెరో పక్కన ఇద్దరు చెక్క ద్వారపాలకులు, ఒక్కొక్కళ్ళు ఎనిమిది మీటర్ల పైన. ఉన్‌కే, కాయ్‌కే అనే శిల్పులు 1203 లో తమ బృందంతో చేశారు. ఒకాయన నోరు తెరిచి ఉంటుంది, ఇంకొకాయనది మూసి ఉంటుంది, తెరిచినాయన 'అ' అంటున్నట్టు, మూసినాయన 'హుం' అంటున్నట్టు. "జయవిజయులే" అంది అమ్మ. నాన్న ఆ కాళ్ళ నరాలు చూస్తూ మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డారు.

గుడి ముందుకొచ్చేసరికి అమ్మ ఆగిపోయింది. "చెప్పులెక్కడ విడవాలే?" అంది. ఆ మందిరంలోకి షూస్ తోనే వెళ్తారు, విడిచే చోటే లేదు. చెప్తే వినదే! షూస్ చేత్తో పట్టుకుని సాక్సుల మీద వెళ్తానంది. నవంబర్ చివరికి అక్కడి రాళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే, మావారు "అత్తయ్యా, మోకాళ్ళు పట్టేస్తాయి" అని బతిమాలితే సరేనంది గానీ, గడప దాటేటప్పుడు ముందు వంగి గడపకి చెయ్యి తగిలించి కళ్ళకి అద్దుకుని, "తప్పు మన్నించు తండ్రీ" అని మరీ దాటింది. నా వెనకాల ఉన్న ఒక జపాన్ పెద్దావిడ అది చూసి ఆగి, తను కూడా చిన్నగా తల వంచింది.

లోపల ఆయన. పదిహేను మీటర్ల కంచు బుద్ధుడు, వైరోచనుడు. ఫోటోల్లో ఎన్నిసార్లు చూసినా ఎదురుగా ఉంటే వేరు, ముందు ఆ అభయహస్తం కనిపిస్తుంది, తర్వాత మెల్లగా తలెత్తితే మొహం. ఎవరం మాట్లాడలేదు.

ఈయన కథ తెలిస్తే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. 735 నుంచి రెండు మూడేళ్ళు జపాన్ లో మశూచి వచ్చి జనం కుప్పలుగా పోయారు, ఆ పైన కరువు, తిరుగుబాటు. అప్పటి చక్రవర్తి షోము 743 లో ఈ విగ్రహం చేయిద్దామని ప్రకటించాడు, ఆ ప్రకటనలోనే ఒక్క గడ్డి పోచో ఒక్క పిడికెడు మట్టో తెచ్చి సాయం చేస్తానన్నా వద్దనకండి అని రాశాడు. అదే చెప్తే అమ్మ "ఉడతాభక్తి" అంది, అంతే, ఒక్క మాటలో తేల్చేసింది, నేను అరగంట నుంచీ వివరిస్తున్నా. "అమ్మవారు పోసి పిల్లలు పోయిన తల్లులు ఎంతమంది తెచ్చి ఉంటారే మట్టి" అని కళ్ళు తుడుచుకుంది.

752 లో ఆ విగ్రహానికి కళ్ళు తెరిచింది మన దక్షిణ దేశం నించి వెళ్ళిన బోధిసేనుడు. 736 లో సముద్రం దాటి జపాన్ చేరి, తిరిగి రాకుండా ఇక్కడే పోయాడు. అప్పటికే గద్దె దిగిన షోముకి ఒంట్లో బాలేక ఆయన బదులు ఈయన కుంచె పట్టి కనుపాపలు దిద్దాడు. ఆ కుంచెకి పొడవాటి తాడు కట్టారు, కింద ఉన్నవాళ్ళంతా ఆ తాడు పట్టుకున్నారు, అంటే కళ్ళు తెరిచింది అందరూ కలిసి అన్నమాట. ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ షోసోఇన్ భాండాగారం వస్తువుల్లో భద్రంగా ఉన్నాయి. నాన్న వెంటనే "నేత్రోన్మీలనం" అన్నారు. మా ఊరి రామాలయం ప్రతిష్ఠప్పుడు స్థపతి కళ్ళు తెరిచి ముందు అద్దం చూపించడం ఆయన చిన్నప్పుడు దగ్గరుండి చూశారట, అదంతా చిన్నోడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు, మధ్యలో వాడు అక్కడి జపనీస్ బోర్డులు చదివి తాతయ్యకి తెలుగులో చెప్పాడు.

గుడి రెండు సార్లు యుద్ధాల్లో తగలబడింది, 1180 లో, 1567 లో. విగ్రహంలో పాతది కొంతే మిగిలింది, ఎక్కువ భాగం తర్వాత పోతపోసిందే. ఇప్పుడున్న హాలు 1709 నాటిది, మొదటిదానికంటే వెడల్పు తక్కువంట, అయినా తల తిరిగిపోయేంత ఉంది. ఒక స్తంభానికి అడుగున కన్నం ఉంటుంది, బుద్ధుడి ముక్కు రంధ్రమంత అంటారు, దూరి బయటికొస్తే మంచిదట. చిన్నోడు దూరాడు, పాప సిగ్గుపడి ఊరుకుంది.

బయట వరండాలో కుడి పక్కన ఎర్ర గుడ్డ కప్పిన చెక్క విగ్రహం ఒకటి ఉంది, బింజురు అంటారు. పిండోల భారద్వాజుడు, బుద్ధుడి శిష్యుడు. మనకి ఎక్కడ నొప్పో ఆయనకి అక్కడ తాకి, తర్వాత మన ఒంటికి తాకించుకోవాలి. ఎన్ని చేతులు తాకాయో, చెక్క అంతా అరిగిపోయింది. భారద్వాజుడు అనగానే నాన్న "మన గోత్రమే!" అని ఎంత సంబరపడ్డారో. అమ్మ మాత్రం మాట్లాడకుండా వెళ్ళి ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టి, తన మోకాలికి రాసుకుని, మళ్ళీ వెళ్ళి ఆయన భుజం తాకి వచ్చి నా భుజానికి రాసింది. నాకు భుజం నొప్పని తనకి చెప్పనేలేదు నేను.

పక్కనే కొవ్వొత్తులు వెలిగించే చోటు ఉంటే ఒకటి వెలిగించింది.

ఆఖరికి నిగత్సుదో, తోదాయ్‌జీలోదే, కొండ వాలు మీదుండే ఇంకో మందిరం. వద్దమ్మా మెట్లున్నాయంటే, "ఆయన మోకాలు పట్టుకునొచ్చాను, ఎక్కుతా" అని ఒక్కో మెట్టూ ఎక్కింది. లోపల ఉండేది పదకొండు ముఖాల కన్నోన్, అంటే అవలోకితేశ్వరుడు, ఎవరికీ దర్శనం ఉండదు, తలుపుల ముందే మొక్కాలి. 752 లో మొదలైన మార్చి నెల పూజ ఇప్పటిదాకా ఒక్క ఏడాది కూడా ఆగలేదు, కింద పెద్ద గుడి తగలబడ్డప్పుడు కూడా. పదకొండు మంది సన్యాసులు లోకం తరఫున తప్పులు ఒప్పుకుని క్షమాపణ అడుగుతారు, రాత్రుళ్ళు వసారాలో పెద్ద పెద్ద కాగడాలు తిప్పుతారు, ఆ నిప్పురవ్వలు మీద పడితే మంచిదని జనం కింద నిలబడతారు. "మార్చిలో రావాల్సింది" అన్నారు నాన్న. వీసా డిసెంబర్ దాకే ఉంది.

వసారా నుంచి చూస్తే గుడి కప్పు, ఎర్రబడ్డ మేపుల్ చెట్లు, దూరంగా ఊరంతా, ఎండ అప్పుడే వాలుతోంది. పక్కన భక్తులు కూర్చునే గదిలో వేడి టీ ఉచితంగా పెడతారు, ఎవరికి వాళ్ళు పోసుకుని తాగి కప్పు కడిగి పెట్టాలి. ఆరుగురం తాగాం, చలికి ఆ టీ ప్రాణం లేచొచ్చినట్టుంది. నేను లేచేలోపే అమ్మ కప్పులన్నీ తీసుకెళ్ళి కొళాయి కింద కడుగుతోంది. మావి ఆరు అయ్యాక, ఎవరో బల్ల మీద మర్చిపోయిన రెండు కూడా తెచ్చి కడిగి, పక్కనున్న గుడ్డతో తుడిచి బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి "ఇక పదండి" అంది.