డీఏపీ చల్లే ముందు దుబ్బు పీకి చూడండి

నాట్లు వేసి పాతిక రోజులైంది. పైరు కదలడం లేదు. దుబ్బుకు మూడు నాలుగు పిలకలకు మించి రాలేదు, ముదురాకులు రంగు మారుతున్నాయి. నెల్లూరు జిల్లాలో ఏ కాలువ కిందైనా ఈ మాట చెబితే వచ్చే సలహా ఒకటే: "ఇంకో బస్తా డీఏపీ చల్లు". చల్లాక వారం తిరిగేసరికి కయ్య పచ్చబడుతుంది. దాంతో లోపం భాస్వరానిదేనని రైతు నమ్ముతాడు, మరుసటేడు కూడా అదే చేస్తాడు.

నిజానికి ఆ పచ్చదనం భాస్వరం వల్ల వచ్చింది కాదు. 50 కిలోల డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేటు)లో 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని ఉంటుంది. అది సుమారు 20 కిలోల యూరియాతో సమానం. వారంలో ఆకు రంగు తిప్పేది ఆ నత్రజనే. డీఏపీ బస్తా 1350 రూపాయలు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, అంటే 20 కిలోలకు 120 రూపాయలు కూడా పడదు. భాస్వరం లోపం లేని కయ్యలో ఈ రెండు ధరల మధ్య తేడా అంతా మట్టిలోకి పోయినట్టే.

అసలైన భాస్వరం లోపం వరిలో ఎలా కనిపిస్తుందో ముందు తెలియాలి. పైరు పసుపెక్కదు. ముదురు ఆకుపచ్చగా, మాసినట్టుగా ఉంటుంది. ఆకులు సన్నగా, పొట్టిగా, నిక్కబొడుచుకుని నిలబడతాయి. పిలకలు తగ్గుతాయి. భాస్వరం మొక్క లోపల కదిలే పోషకం, అందుకని చాలకపోతే మొక్క ముదురాకుల్లోంచి లాగి లేతాకులకు పంపుకుంటుంది. కాబట్టి గుర్తులు ఎప్పుడూ అడుగు ఆకుల నుంచే మొదలవుతాయి. కొన్ని రకాల్లో ఆ ఆకులు ఎరుపు కలిసిన ఊదా రంగుకు తిరుగుతాయి, కొన్నింటిలో తిరగవు. కాండం మొదలు ఊదాగా ఉండటం కొన్ని వరి రకాల సహజ లక్షణం, దాన్ని చూసి బస్తా కొనకండి. పైరు ఈనడం వారం, అంతకు మించి ఆలస్యమవుతుంది, తాలు పెరుగుతుంది.

కయ్య మధ్యలో మూడు నాలుగు చోట్ల, మట్టితో సహా దుబ్బు పీకి నీళ్ళలో కడగండి. ఇది చేయకుండా ఏ మందూ చల్లకూడదన్నది మా గట్టి అభిప్రాయం. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో, పైన లేత తుప్పు రంగు పూతతోనో ఉంటుంది. వేళ్ళు నల్లబడి, ముక్కు దగ్గర పెడితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అక్కడ లోపం భాస్వరానిది కాదు, గాలిది. నెలల తరబడి నీళ్ళు తీయని బరువు నేలల్లో, పచ్చిరొట్ట ఎరువు సరిగా చివకకముందే నాటిన కయ్యల్లో ఇది మామూలే. చచ్చిన వేరు నేలలో ఎంత భాస్వరం ఉన్నా తీసుకోలేదు. నీళ్ళు తీసేసి, సన్నని నెర్రెలు వచ్చే దాకా నాలుగైదు రోజులు ఆరగట్టి మళ్ళీ నీళ్ళు పెడితే కొత్త వేళ్ళు పుడతాయి. ఖర్చు లేదు.

వేరు బాగానే ఉంటే పైనుంచి మూడో, నాలుగో ఆకు చూడండి. ఆకు మొదట్లో మధ్య ఈనె తెల్లబారి, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు ఉండి, ఆకును విరిస్తే పెళుసుగా తునిగితే అది జింకు లోపం. నాటిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య వస్తుంది, కయ్యంతా ఒకేలా కాకుండా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. దీనికి డీఏపీ చల్లితే రోగం ముదురుతుంది. భాస్వరం ఎక్కువైన కొద్దీ మొక్కకు జింకు అందడం తగ్గుతుంది. ఏటా రెండు కార్లలోనూ డీఏపీ పోసిన కయ్యల్లో జింకు లోపం కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, అయిదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసుకోవాలి. అయితే దాన్ని భాస్వరం ఎరువుతో కలిపి ఒకే గంపలో చల్లకూడదు. రెండూ కలిసి కరగని జింకు ఫాస్ఫేటుగా మారతాయి. మూడు రోజుల ఎడం ఇవ్వండి.

ఇక నేల సంగతి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో భాస్వరం నేలలో అసలే లేకపోవడం కంటే, ఉండి కూడా బిగుసుకుపోవడం ఎక్కువ. ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7.5 మధ్య ఉంటే భాస్వరం బాగా అందుతుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి, సున్నం కలిసిన నేలల్లో సూచిక 8 దాటుతుంది, అక్కడ సున్నం భాస్వరాన్ని పట్టుకుంటుంది. ఎర్రనేలల్లో ఇనుము ఆ పని చేస్తుంది. మాగాణిలో కథ వేరు. నీళ్ళు నిలిచిన రెండు మూడు వారాల్లో ఇనుముతో బిగిసిన భాస్వరం కొంత విడుదలవుతుంది, అందుకే వరికి మెట్ట పైర్లంత ఇబ్బంది ఉండదు. అదే కయ్యలో వరి కోసి ఆరుతడి పైరు వేస్తే, నేల ఆరగానే ఆ భాస్వరం మళ్ళీ బిగుసుకుంటుంది. వరికి వేసింది మిగిలి ఉంటుందిలే అని రెండో పైరుకు పూర్తిగా మానేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకో గుణం: భాస్వరం నేలలో నడవదు. యూరియాలా నీటితో పాటు దిగదు, వేసిన చోటి నుంచి కొన్ని మిల్లీమీటర్లే కదులుతుంది. వేరే దాని దగ్గరికి వెళ్ళాలి. అందుకే ఇది దుక్కి మందు, పైపాటు మందు కాదు.

వరికి ఎకరాకు 24 కిలోల భాస్వరం అనుకుంటే, ఒక బస్తా డీఏపీతోనో, మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేటుతోనో సరిపోతుంది. సూపర్‌లో భాస్వరం 16 శాతమే, బస్తాకు 8 కిలోలు. మోయడానికి బరువే, కానీ దానితో పాటు 11 శాతం గంధకం, బోలెడు కాల్షియం వస్తాయి. డీఏపీలో ఆ రెండూ లేవు. కాంప్లెక్సు ఎరువుల్లో (అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు, నాలుగోది ఉంటే గంధకం) 14-35-14 అయితే బస్తాకు 17.5 కిలోల భాస్వరం, 20-20-0-13 అయితే 10 కిలోలు. బస్తా మీద రాసే భాస్వరం అంకె ఎప్పుడూ పి2ఓ5 (ఫాస్ఫరస్ ఆక్సైడ్) లెక్కే, ఉత్త ఫాస్ఫరస్ లెక్క కాదు. మొత్తం ఆఖరి దమ్ములో, నీళ్ళు పలచగా ఉంచి చల్లి చదును చేయండి. ఆ తర్వాత రెండు రోజులు నీళ్ళు బయటికి పోనివ్వకండి. దమ్ములో వేయడం తప్పిపోతే నాటిన పది, పదిహేను రోజుల్లోపు వేయవచ్చు, అప్పుడు వేళ్ళు పైపొర బురదలోనే ఉంటాయి. పొట్ట దశలో వేసింది ఆ పంటకు అక్కరకు రాదు. రాక్ ఫాస్ఫేటు చవకగా దొరుకుతుందని తేకండి, అది ఆమ్ల నేలల్లోనే కరుగుతుంది.

నారుమడిని చాలామంది పట్టించుకోరు. ఎకరాకు సరిపడే 5 సెంట్ల నారుమడికి ఒక కిలో భాస్వరం, అంటే ఆరుంబావు కిలోల సూపర్ వేయాలి. చలికాలంలో పోసే నారుకు దీన్ని రెట్టింపు చేయాలి. చలికి వేరు మందగించి భాస్వరం తీసుకోలేదు. పన్నెండున్నర కిలోల సూపర్ పెద్ద ఖర్చు కాదు, నాటాక నెల రోజుల పైరు ఎదుగుదల దాని మీద ఆధారపడి ఉంటుంది.

ప్రకాశం నల్లరేగళ్ళలో శనగకు వస్తే సమస్య మోతాదులో కంటే వేసే తీరులో ఉంది. శనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం చాలు. 18 కిలోల యూరియా, 125 కిలోల సూపర్‌తో అది తీరుతుంది, దాదాపు 14 కిలోల గంధకం అదనంగా అందుతుంది. పప్పు పైరుకు గంధకం అవసరం కాబట్టి శనగకు డీఏపీ కంటే సూపరే మేలని మా మాట. పైన వెదజల్లితే పైపొర ఆరిపోయాక ఆ ఎరువు అక్కడే ఉండిపోతుంది, వేరేమో తేమ వెతుక్కుంటూ కిందికి వెళ్తుంది. నేలలో నిలిచిన తేమ మీదే పండే పంటకు ఇది పెద్ద నష్టం. విత్తనానికి అయిదు సెంటీమీటర్ల కిందా పక్కగా పడేలా ఎరువు గొట్టం వేరుగా ఉన్న గొర్రుతో వేయండి. విత్తనం, డీఏపీ ఒకే గొట్టంలో పోస్తే తేమ తక్కువైన చోట డీఏపీ నుంచి వచ్చే అమ్మోనియాకు మొలక మాడుతుంది. మొలక పలచబడితే విత్తనాన్ని తిట్టుకునేవాళ్ళు ముందు గొట్టం చూసుకోవాలి.

కనిగిరి, పొదిలి వైపు ఎర్రనేలల్లో కంది తట్టుకుని నిలబడటం వెనక ఒక చక్కటి కారణం ఉంది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని బయటికి వదిలి, ఇనుముతో బిగిసిన భాస్వరాన్ని విడిపించుకుంటుందని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన 1990లో వెలువడింది. కంది వేసిన చేలో మరుసటి పైరుకు కొంత మేలు జరగడానికి రాలిన ఆకుతో పాటు ఇదీ ఒక కారణం. భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాను ఎకరాకు 2 కిలోలు, బాగా చివికిన పశువుల ఎరువు 200 కిలోలతో కలిపి దుక్కిలో వేయడం కూడా మంచిదే. దాన్ని రసాయనిక ఎరువులో కలిపి మాత్రం చల్లకండి.

అంచనాలన్నిటి కంటే నమ్మదగింది మట్టి పరీక్ష, అయితే నమూనా సరిగా తీస్తేనే. ఎకరాలో ఎనిమిది, పది చోట్ల ఆంగ్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కిందికి ఒకే మందాన మట్టి పొర గీకాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. నీడలో ఆరబెట్టాలి. గట్టు పక్క, చెట్ల కింద, పెంట పోసిన చోట తీయకూడదు. అందరూ చేసే తప్పు ఒకటుంది: ఖాళీ డీఏపీ సంచిలో మట్టి తీసుకెళ్ళడం. సంచికి అంటిన పొడి చాలు, ఫలితంలో భాస్వరం ఎక్కువ చూపించడానికి.

ఫలితం చేతికొచ్చాక ప్రమాణం చూడండి. ఎకరాకు పి2ఓ5 సుమారు 10 కిలోల లోపుంటే తక్కువ, 24 దాటితే ఎక్కువ. కొన్ని కాగితాల్లో హెక్టారుకు, అదీ పి2ఓ5 కాకుండా ఉత్త ఫాస్ఫరస్ లెక్కలో ఇస్తారు. అప్పుడు 2.29తో గుణించి 2.5తో భాగించాలి. హెక్టారుకు 18 కిలోల ఫాస్ఫరస్ అని ఉంటే అది ఎకరాకు 16.5 కిలోల పి2ఓ5, మధ్యస్థం. గుణించడం మరిచి 2.5తో మాత్రం భాగిస్తే 7.2 వచ్చి, నేల బీదదని పొరబడతాం. తక్కువ ఉన్న నేలకు సిఫారసు మీద 30 శాతం పెంచడం, ఎక్కువ ఉన్న నేలకు 30 శాతం తగ్గించడం పద్ధతి. వరికి తగ్గింపు లెక్క 17 కిలోలు, సూపర్ రెండు బస్తాలకు కాస్త పైన.

నమ్మకం కుదరకపోతే కయ్యలోనే తేల్చుకోవచ్చు. అయిదు మీటర్ల చదరం ఉన్న రెండు మళ్ళు చిన్న గట్లతో విడగొట్టండి. ఒకదానికి ఆఖరి దమ్ములో కిలో సూపర్ వేయండి, రెండోదానికి వేయకండి. యూరియా, పొటాష్ రెండింటికీ సమానం. నెలకు పది పది దుబ్బుల్లో పిలకలు లెక్కపెట్టండి. తేడా లేకపోతే ఆ నేల ఈ పంటకు అదనపు భాస్వరం అడగడం లేదు. తేడా ఉంటే సూపర్‌లోని గంధకం వల్ల కూడా కావచ్చు. మందు వేయని మడిలో లేతాకులు పసుపెక్కి ఉంటే గంధకాన్ని అనుమానించండి, ముదురాకులు మాసి పిలకలు తక్కువుంటే భాస్వరాన్ని.

ఆలస్యమయ్యాక ఆకు మీద కొట్టే మందుల గురించి కూడా చెప్పాలి. నీటిలో కరిగే ఎరువు 12-61-0 (మోనో అమ్మోనియం ఫాస్ఫేటు) కిలో, 200 లీటర్ల నీటిలో ఎకరాకు కొడితే అందే భాస్వరం 0.61 కిలోలు. 4 కిలోల డీఏపీ రాత్రి నానబెట్టి, పైతేట వడకట్టి కొడితే మహా అయితే 1.84 కిలోలు. దుక్కిలో కావలసింది 24. పూత దశలో మినుము, శనగలకు ఇది ఊతం ఇస్తుంది గానీ దుక్కి మందుకు బదులు కాదు. వడకట్టడంలో అశ్రద్ధ చేస్తే నాజిల్ మూసుకుపోతుంది.

పొదలకూరు, సైదాపురం నిమ్మ తోటల్లో భాస్వరం లోపం అరుదు, ఆకు పసుపంతా ఎక్కువగా జింకు, ఇనుములదే. భాస్వరం నిజంగా తగ్గితే కాయ తొక్క మందమై, గరుకుగా, లోపల నడుమ బోలుగా ఉంటుంది. డ్రిప్పులో భాస్వరం ఇచ్చేవాళ్ళు కాల్షియం నైట్రేటుతో కలపకూడదు, ఉప్పు బోరు నీళ్ళలో డీఏపీ అసలే వద్దు. మోతాదు ప్రకారం మందును లీటరు సీసాలో మీ బోరు నీళ్ళతోనే కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున అడుగున తెల్లటి మడ్డి దిగి ఉంటే ఆ మడ్డే డ్రిప్పర్లలోనూ దిగుతుంది. అప్పుడు మందు మార్చి 12-61-0తో మళ్ళీ ఇదే పరీక్ష చేయండి.